దుప్పుల అడవిలో వేటగాడి నడక పనికిరాదు: తునికాకుకు, విప్పపువ్వుకు, పశువుల వెంట వెళ్లేవాళ్లకు జాగ్రత్తలు

తాడ్వాయి, ఏటూరునాగారం, పాకాల, కవ్వాల, కాగజ్‌నగర్ అడవుల్లో దుప్పి తిరిగే చోట మిగతావన్నీ తిరుగుతాయి. దుప్పి తాగే చెలిమకే గుడ్డెలుగు వస్తుంది. దుప్పి వెనక చిరుత నడుస్తుంది, ఆసిఫాబాద్ వైపైతే పెద్దపులి నడుస్తుంది. దుప్పి కోసం దొంగచాటుగా కట్టిన కరెంటు తీగ ఆకు కోయను పోయినవాళ్ల కాలికి తగులుతుంది. ఇక్కడ మనుషులకు జరిగే నష్టంలో చాలా భాగం జంతువు కోపం వల్ల కాదు, మనం దానికి మరీ దగ్గరికి, మరీ చప్పుడు లేకుండా పోవడం వల్ల.

వేట సంగతి ముందే తేల్చుకుందాం. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం దుప్పి, కణుజు (సాంబార్), కృష్ణజింక, కొండగొర్రె వేట నేరం. ఆ చట్టంలోని 11వ సెక్షన్‌లో చాలామందికి తెలియని మాట ఒకటుంది. ప్రాణరక్షణ కోసం జంతువును గాయపరిచినా చంపినా నేరం కాదు. కానీ ఆ సమయానికి ఆ మనిషి ఇదే చట్టాన్ని ఉల్లంఘిస్తూ ఉంటే ఈ మినహాయింపు వర్తించదు. అంటే ఉచ్చు చూసుకోవడానికి పోయి ఎలుగు మీద గొడ్డలి వేసినవాడు రెండు కేసుల్లో ఇరుక్కుంటాడు. కాబట్టి ఇది వేటగాళ్ల కోసం రాసింది కాదు. తునికాకు, విప్పపువ్వు, అడ్డాకు, తేనె సేకరించేవాళ్లు, పశువుల కాపరులు, అడవి అంచున పత్తి, మక్క వేసే రైతులు, జంతు గణనకు వచ్చే వాలంటీర్లు, వీళ్ల కోసం.

ముందుగా, నడక తీరు

వేటగాడు చేసేవి నాలుగు. గాలికి ఎదురు నడుస్తాడు. చప్పుడు చేయడు. మబ్బులనే (తెల్లారకముందే) గానీ పొద్దుగూకినంక గానీ పోతాడు. ఒంటరిగానో ఒకరిద్దరితోనో పోతాడు. ఈ నాలుగూ జంతువుకు మనిషి జాడ తెలియకుండా చేసే పనులు. మనకు కావలసింది సరిగ్గా దీనికి తలకిందులు.

గాలి వీపున తగిలేలా దారి ఎంచుకోండి. మన వాసన మనకంటే ముందు పోతుంది. గుప్పెడు దుమ్ము వదిలి చూస్తే గాలి ఎటు పోతుందో తెలుస్తుంది. వేసవిలో పొద్దెక్కాక గాలి గుట్ట పైకి, పొద్దుగూకాక కిందికి మళ్లుతుంది కాబట్టి పొద్దున చూసిన దిక్కు సాయంత్రానికి పనికిరాదు. గాలి ఎదురైతే, దారి మార్చే వీలు లేకపోతే, చప్పుడు రెట్టింపు చేయండి.

చప్పుడంటే పాటలు పెట్టిన ఫోను కాదు. అది పెట్టుకుంటే మీకే ఏమీ వినపడదు. మాట్లాడుకుంటూ నడవడం, వాగు మలుపుల దగ్గర, లొద్దుల (గుట్టల మధ్య పల్లాల) దగ్గర, పొదలు ముసిరిన చోట కర్రతో చెట్టు మొదలును రెండు దెబ్బలు కొట్టడం చాలు. అయిదడుగుల కర్రకు పైన రెండు మూడు పెద్ద గజ్జెలు కట్టుకునే పశువుల కాపరుల పద్ధతి మంచిది. చెయ్యి కదిలినప్పుడల్లా అదే మోగుతుంది, గుర్తుపెట్టుకోనక్కర్లేదు.

కనీసం నలుగురు వెళ్లండి. కోతలో చెదిరిపోయినా ఒకరి గొంతు ఒకరికి వినిపించే దూరం దాటొద్దు. పిల్లలను, ముసలివాళ్లను మధ్యలో ఉంచండి.

సమయం దగ్గరే అందరూ చిక్కుకుంటారు. విప్పపువ్వు రాత్రి రాలుతుంది, తెల్లారేసరికి ఏరకపోతే పశువులు తినేస్తాయి, వాడిపోతుంది. అందుకే మార్చి, ఏప్రిల్‌లో మబ్బుల మూడింటికే చెట్టుకిందికి పోతారు. ఆ పువ్వు కోసమే గుడ్డెలుగు కూడా అదే చెట్టుకు అదే వేళకు వస్తుంది. ముందురోజు సాయంత్రమే చెట్టుకింద పాత చీరలో, వలలో పరిచి రండి. పువ్వు మట్టి అంటకుండా పడుతుంది, వెలుగొచ్చాక పోయి ఎత్తుకోవచ్చు. చెట్టుకింద ఆకులకు నిప్పు పెట్టే అలవాటు కూడా దీంతో తప్పుతుంది. ఆ నిప్పు ఎన్నోసార్లు గుట్టనంతా కాల్చింది, పైన కొమ్మకున్న తేనెటీగలను లేపింది.

సంచిలో ఏముండాలి

ఏప్రిల్ చివర, మే నెలలో తునికాకు కోతకు మనిషికి నాలుగు లీటర్ల నీళ్లు. సగం పొద్దుకే అయిపోతే తిరిగి రావాలి, చెలిమ దగ్గరికి పోదామనుకోవద్దు. ఎండాకాలం మధ్యాహ్నం చెలిమ నీడలో ఏదో ఒకటి పడుకునే ఉంటుంది. ఓఆర్ఎస్ పొట్లాలు రెండు (ఒక్కో పెద్ద పొట్లం లీటరు నీళ్లకు). నాలుగంగుళాల వెడల్పు సాగే కట్టు, అదే క్రేప్ బ్యాండేజీ, రెండు చుట్టలు. ఉతికిన నూలు గుడ్డ. సబ్బు ముక్క. టార్చి. ఈల. ఈల గొంతు కంటే దూరం పోతుంది, భయంతో గొంతు పెగలనప్పుడు కూడా మోగుతుంది. పాదం పూర్తిగా కప్పే బూట్లు, మడమల దాకా వచ్చే మందపు ప్యాంటు. చెప్పులతో పోతే పాము సంగతి ఎలా ఉన్నా ముల్లు మాత్రం ఖాయం.

ఫోనులో నాలుగు నంబర్లు: బీట్ ఆఫీసర్ (మీ వైపు అడవిని చూసే అటవీ ఉద్యోగి), మీ ఊరి లైన్‌మన్, దగ్గరి సబ్‌స్టేషన్, దగ్గరి ప్రభుత్వ ఆస్పత్రి. 108 ఎలాగూ గుర్తుంటుంది. ములుగు జిల్లా పస్రా దాటాక చాలాచోట్ల సిగ్నల్ ఉండదు, కాబట్టి సిగ్నల్ దొరికే గుట్ట ఏది, మలుపు ఏది అన్నది గుంపులో అందరికీ ముందే తెలిసి ఉండాలి. ఏ చెలక మీదుగా, ఏ వాగు దాకా పోతున్నారో, ఎన్నింటికి తిరిగొస్తారో ఇంట్లో ఒకరికి చెప్పండి. "అడవికి పోయిండు" అన్న ఒక్క మాటతో వెతికేవాళ్లు ఎటు పోవాలి?

దుప్పిని వినడం

అడవిలో మీకు ఉచితంగా దొరికే కాపలా ఇదే. దుప్పి మామూలుగా మేస్తుంటే తోక ఆడిస్తూ, చెవులు తలో దిక్కు తిప్పుతూ ఉంటుంది. ఏదైనా అనుమానం వస్తే మంద మొత్తం ఒకే దిక్కు చూస్తుంది. ముందుకాలు నేలకేసి కొడుతుంది. తోక పైకి లేస్తుంది, కింద తెల్లగా కనిపిస్తుంది. అప్పుడు గట్టిగా, ఒక్కసారిగా కూత వేస్తుంది. కణుజు గొంతు ఇంకా బరువు, దూరం వినపడుతుంది. దుప్పి ఊరికే బెదిరి కూడా అరుస్తుంది, కణుజు ఆగి ఆగి అరుస్తూనే ఉందంటే దాదాపుగా దానికి ఏదో కనిపించిందనే లెక్క. దానికి కొండెంగ దగ్గు తోడైతే ఇక అనుమానం లేదు. చెట్టుపైనుంచి దానికి బాగా కనపడుతుంది.

ఆ కూతలు మీకు దూరమవుతూ పోతే జంతువు పక్కకు పోతోందని అర్థం. దగ్గరవుతూ వస్తే మీ వైపు వస్తోంది. అక్కడ ఆగి, అందరూ ఒకచోట చేరి, గట్టిగా మాట్లాడుతూ వచ్చిన దారినే వెనక్కి రండి. కూత వినపడిన వైపు ఫోను పట్టుకుని పోయేవాళ్లు ఈమధ్య ఎక్కువయ్యారు. మిమ్మల్ని చూసి అరిచే కూత కూడా ఉంటుంది. మంద మీ ముఖం వైపే చూస్తుంటే కారణం మీరే.

గుడ్డెలుగు

ఈ అడవుల్లో మనిషిని ఎక్కువగా చీల్చేది ఇదే, పులి కాదు. చూపు తక్కువ, వినికిడి అంతంతే, ముక్కు మాత్రం గట్టిది. పుట్ట తవ్వి చెదలు పీల్చేటప్పుడు అది చేసే ఊదుడు చప్పుడు వంద గజాలకు పైగా వినిపిస్తుంది. ఆ చప్పుడులో దానికి మీ అడుగులు వినపడవు. తల ఎత్తేసరికి మనిషి పది గజాల్లో ఉంటాడు. పరుగెత్తడం దాని స్వభావం కాదు, మీద పడడమే. పులితో కలిసి బతికే జంతువుకు ఆ అలవాటే దాన్ని కాపాడింది.

ఎక్కడ ఎప్పుడు ఉంటుందో తిండి చెబుతుంది. చలికాలం రేగుపళ్లు, మార్చి, ఏప్రిల్‌లో విప్పపువ్వు, ఎండాకాలం తునికి పండ్లు, వానలు మొదలయ్యే వేళకు నేరేడు, దసరా ముందు సీతాఫలాలు, మక్క చేన్లు. పగలు రాతి గుట్టల సొరంగాల్లో, వాగు ఒడ్డు గుంతల్లో పడుకుంటుంది. చలికాలంలో ఈనిన తల్లి పిల్లలను కొన్ని నెలల తర్వాత వీపు మీద ఎక్కించుకుని తిప్పుతుంది. ఆ తల్లి అందరికంటే ప్రమాదం. మోకాలి లోతున తవ్విన పుట్ట, పక్కన మట్టి ఇంకా తడిగా ఉంటే, విప్పచెట్టు బెరడు మీద గోళ్ల గీతలు కొత్తగా ఉంటే ఆ రోజు ఆ గట్టు వదిలేయండి. అడుగుజాడ చూస్తే ఒట్టికాలితో నడిచిన మనిషి పాదంలా ఉంటుంది, ముందు గోళ్ల గుంతలు పడి ఉంటాయి.

దూరాన కనపడి, మిమ్మల్ని చూడకపోతే మాట్లాడకుండా వచ్చిన దారిన వెనక్కి పోండి. అడవిలో చప్పుడు చేయకూడని సందర్భం ఇదొక్కటే. ముప్పై నలభై గజాల్లో ఉండి వెనకకాళ్ల మీద లేచి నిలబడితే అది దాడి కాదు, వాసన పట్టుకుంటోంది. పరుగెత్తొద్దు. మామూలు గొంతుతో మాట్లాడుతూ, దాని ముఖంలోకి తేరిపార చూడకుండా, ఒక్కో అడుగు వెనక్కి వేయండి. దానికి పారిపోయే దారి వదలండి. మీ వెనకే దాని సొరంగం ఉంటే అది మీ మీదుగానే పోతుంది, అందుకే పక్కకు జరగండి. చెట్టెక్కడం దండగ. అది మీకంటే బాగా ఎక్కుతుంది.

మీదికి దూకితే కర్ర అడ్డం పెట్టండి, గుంపు ఒకచోట దగ్గరగా నిలబడి అరవండి. చాలాసార్లు అది దగ్గరిదాకా వచ్చి మళ్లుతుంది. గుంపులోంచి ఒకడు పరుగు తీస్తే వాడి వెంట పడుతుంది. ఇక తప్పదు, పడగొట్టింది అనుకున్నప్పుడు బోర్లా పడుకోండి. వేళ్లు పెనవేసి మెడ వెనక పెట్టుకోండి, మోచేతులతో ముఖం పక్కలను కప్పండి, కాళ్లు దూరంగా చాపండి, అలాగైతే వెల్లకిలా తిప్పలేదు. సంచి వీపు మీదే ఉండనివ్వండి. ఎలుగు దెబ్బ ముఖానికి, తలకు పడుతుంది, కళ్లు పోతాయి. ముఖాన్ని, కళ్లను నేలకు ఆనించి ఉంచడమే ఇందులో ముఖ్యం. అది వదిలాక వెంటనే లేవొద్దు. కదలిక చూస్తే మళ్లీ వస్తుంది. వంద దాకా మెల్లగా లెక్కపెట్టి తల ఎత్తండి.

తోటివాళ్లు ఒక్కొక్కరుగా గొడ్డలితో పోతే గాయపడేవాళ్లు పెరుగుతారు. అందరూ ఒక వరసలో, కర్రలు కొడుతూ, అరుస్తూ ముందుకు కదిలితే అది వదిలిపోతుంది.

గాయానికి పసుపు, కాఫీపొడి, సున్నం ఏదీ వద్దు. ఊడిన చర్మాన్ని తీసేయకుండా దాని చోట పరిచి, శుభ్రమైన గుడ్డ పెట్టి గట్టిగా అదమండి. ముఖం చిరిగితే వెల్లకిలా పడుకోబెట్టొద్దు, ముందుకు వంచి కూర్చోబెట్టండి, లేకపోతే నెత్తురు గొంతులోకి పోతుంది. ఎలుగు, చిరుత, తోడేలు, నక్క, ఏది కొరికినా రేబిస్ టీకా తప్పదు. నెత్తురు ఆగే గాయమైతే సబ్బు, ధారగా నీళ్లతో పదిహేను నిమిషాలు కడగాలి. లోతు గాయానికి టీకాతోపాటు ఇమ్యునోగ్లోబ్యులిన్ గాయంలోనే వేయాలి, దాన్ని ప్రత్యేకంగా అడగండి. ధనుర్వాతం ఇంజక్షన్ కూడా.

పెద్దపులి, చిరుత

పెద్దపులి మహారాష్ట్ర అడవుల నుంచి ప్రాణహిత, పెన్‌గంగ దాటి వస్తుంది. ఆసిఫాబాద్ జిల్లాలో 2020 నవంబరులో ఇద్దరు, 2024 నవంబరులో కాగజ్‌నగర్ దగ్గర పత్తి చేనులో ఒక మహిళ పులి దాడిలో చనిపోయారు. నవంబరు పత్తి ఏరే కాలం. ఏరేటప్పుడు మనిషి వంగి ఉంటాడు, చేను నడుము ఎత్తు ఉంటుంది, వెనక నుంచి చూస్తే మనిషి ఆకారమే ఉండదు. 2024 దాడి తర్వాత అటవీ శాఖ తల వెనక పెట్టుకునే ముఖం మాస్కులు పంచింది. సుందర్‌బన్స్‌లో వాడిన ఉపాయం అది. పులి వెనక నుంచే వస్తుంది కాబట్టి పెట్టుకోండి, కానీ దాన్నే నమ్ముకోవద్దు. పులి తిరుగుతోందని కబురున్నప్పుడు పొద్దున పదికి ముందు, సాయంత్రం నాలుగు తర్వాత చేనుకు పోవద్దు. అడవి అంచు సాళ్లు మిట్టమధ్యాహ్నం ఏరండి. నలుగురు వంగితే ఒకరు నిలబడి చూడాలి. బహిర్భూమికి ఒంటరిగా పొదల్లోకి పోవడం ఆపండి.

ఎదురుపడితే వంగొద్దు, కూర్చోవద్దు, వీపు తిప్పొద్దు. చేతులు పైకెత్తి, గట్టిగా అరుస్తూ, దాని వైపే చూస్తూ వెనక్కి నడవండి. చిరుతకూ ఇదే. ఎలుగుకు చెప్పినట్టు బోర్లా పడుకోవడం ఇక్కడ పనికిరాదు, పట్టుకుంటే ఎదురు తిరిగి ముక్కు మీద, కళ్ల మీద కొట్టాలి.

సగం తిన్న ఆవు కనిపిస్తే దగ్గరికి పోవద్దు. పులి దగ్గరి పొదలోనే ఉంటుంది, చీకటికి మళ్లీ వస్తుంది. ఆ కళేబరం మీద విషపు మందు చల్లడం నేరం, పైగా నష్టపరిహారం కూడా పోతుంది.

అడుగుజాడ పన్నెండు సెంటీమీటర్లు దాటితే పెద్దపులి, తొమ్మిదికి లోపు ఉంటే చిరుత. కుక్కజాడలో గోళ్లు కనిపిస్తాయి, వీటిలో కనిపించవు. పక్కన అగ్గిపెట్టె పెట్టి ఫొటో తీసి బీట్ ఆఫీసర్‌కు పంపండి.

అడవిపంది కోరతో కింది నుంచి పైకి కోస్తుంది, తొడ లోపలివైపు పెద్ద రక్తనాళం తెగితే నిమిషాల్లో ప్రాణం పోతుంది. నాలుగైదడుగుల రాయి ఎక్కినా చాలు, దానికి అందదు. నెత్తురు చిమ్ముతుంటే అరచేతితో, గుడ్డతో మొత్తం బరువు వేసి నొక్కండి, ఆగకపోతేనే గాయానికి పైన తొడకు వెడల్పాటి గుడ్డ కట్టి కర్రతో మెలిపెట్టండి, కట్టిన సమయం రాయండి. అడవిదున్న ఒంటరిగా ఉంటే దూరం పెంచండి. దాని సంగతి అంతే.

కరెంటు తీగ

అడవిలో అన్నిటికంటే నమ్మరానిది ఇది. 2024లో భూపాలపల్లి జిల్లా అడవిలో గాలింపునకు పోయిన గ్రేహౌండ్స్ (మావోయిస్టుల కోసం గాలించే పోలీసు దళం) కానిస్టేబుల్ ఒకరు వేటగాళ్లు పెట్టిన తీగ తగిలి చనిపోయారు. అడవిలో రాత్రి నడవడంలో శిక్షణ ఉన్నవాళ్లకే అది కనపడలేదు.

పద్ధతి ఇలా ఉంటుంది. 11 కేవీ (పదకొండు వేల వోల్టుల) లైనుకో, మోటారుకు పోయే లైనుకో కొక్కెం తగిలిస్తారు. అక్కడి నుంచి సన్నని బైండింగ్ తీగను, కొత్తగా నరికిన కట్టెమేకుల మీద, జానెడు నుంచి మోకాలి ఎత్తులో, దుప్పులు నీళ్లకు వచ్చే దారికి అడ్డంగా లాగుతారు. మేకుకు తీగ తగలకుండా సీసా మెడలో, ప్లాస్టిక్ పైపు ముక్కలో పెడతారు. చీకటి పడ్డాక కట్టి తెల్లారకముందే తీసేస్తారు. కొన్నిసార్లు తీయరు.

రాత్రి నడవక తప్పకపోతే టార్చి తల ఎత్తున పట్టుకోవద్దు. మోకాలి కిందికి దించి, నేలకు సమాంతరంగా ముందుకు వేయండి. పక్కవాటంగా పడ్డ వెలుగులో తీగ మెరుస్తుంది. వరసగా ఒకే ఎత్తులో కొత్త మేకులు, సీసా ముక్కలు, స్తంభం నుంచి వేలాడే పలుచని తీగ, కాలిన వెంట్రుకల వాసన, చిన్న గుయ్యిమనే చప్పుడు, ఏ గాయం లేకుండా చచ్చిపడిన కుక్క, పంది: వీటిలో ఏది కనిపించినా అక్కడే ఆగండి. చచ్చిన జంతువు దగ్గరికి పోయినవాడు కూడా అక్కడే పడతాడు, ఎందుకంటే తీగ ఇంకా దాని కిందే ఉంటుంది.

1. ఆగినచోట రెండు పాదాలు దగ్గరికి చేర్చండి. తడి నేలలో కరెంటు నేలలోనే పాకుతుంది, పెద్ద అంగ వేస్తే ఒక కాలి నుంచి ఇంకో కాలికి ప్రవహిస్తుంది.
2. పాదాలు నేల వదలకుండా, ఒకదానికొకటి రాసుకుంటూ, చిన్నచిన్నగా జరుగుతూ ముప్పై అడుగులు వెనక్కి రండి.
3. లైన్‌మన్‌కు, సబ్‌స్టేషన్‌కు ఫోను చేయండి, అందకపోతే 1912. దగ్గరి స్తంభం మీద రాసిన నంబరు చెప్పండి, వాళ్లకు ఏ ఫీడర్ (సబ్‌స్టేషన్ నుంచి వచ్చే లైను) ఆపాలో అప్పుడే తెలుస్తుంది. తర్వాత బీట్ ఆఫీసర్‌కు చెప్పండి.
4. సరఫరా ఆపామని సబ్‌స్టేషన్ నుంచి మాట వచ్చేదాకా ఒకరు అక్కడే దూరంగా నిలబడి, వచ్చేవాళ్లను ఆపాలి.

తీగ తగిలి లైను ట్రిప్ అయితే (దానంతటదే ఆగిపోతే) ఇక ఏమీ కాదనుకోవడం ప్రాణాంతకం. ఫీడర్ పడిపోతే సబ్‌స్టేషన్‌లో కొంతసేపటికి మళ్లీ చార్జ్ చేసి చూస్తారు. ఇప్పుడు చల్లగా ఉన్న తీగ రెండు నిమిషాల్లో మళ్లీ బతుకుతుంది. ఎవరైనా తగులుకుని ఉంటే ఎండుకర్రతో తోయడం ఇంట్లో 230 వోల్టుల దగ్గర పనిచేయవచ్చు, 11 కేవీ దగ్గర కర్రలోంచి కూడా వస్తుంది. అడవిలో తీగ ఎటు నుంచి వచ్చిందో తెలియదు కాబట్టి 11 కేవీ అనుకునే ప్రవర్తించాలి. సరఫరా ఆగాక ఊపిరి లేకపోతే ఛాతీ నడిమధ్యన రెండంగుళాల లోతు దిగేలా, నిమిషానికి 100 నుంచి 120 సార్లు నొక్కుతూ ఉండండి, 108 వచ్చేదాకా.

పంట కాపాడుకోవడానికి చేనుకు నేరుగా కరెంటు పెట్టే రైతులకూ ఒక మాట. సోలార్ కంచెలో బ్యాటరీ, ఎనర్జైజర్ నుంచి సెకనుకోసారి చిన్న దెబ్బ వస్తుంది, తగిలినవాడు వెనక్కి దూకగలడు. లైను నుంచి నేరుగా వచ్చేది ఆగకుండా వస్తుంది, కండరాలు బిగుసుకుని మనిషి వదిలించుకోలేడు. పంది చస్తే ఒక కేసు, మనిషి చస్తే ఇంకో కేసు.

ఉచ్చులు ఎక్కువగా బైకుల క్లచ్ తీగతో వేస్తారు. అందులో చిరుతో, ఎలుగో చిక్కి ఉంటే దాని కంటే కోపంగా ఉన్న జంతువు అడవిలో ఉండదు. తీగ తెగే క్షణం ఎప్పుడో తెలియదు. విడిపించబోవద్దు, గుమిగూడొద్దు, మత్తు ఇంజక్షన్ ఇచ్చేవాళ్లు వచ్చేదాకా దూరంగా ఉండండి. పిండిలో, కొవ్వులో చుట్టిన నిమ్మకాయంత ఉండలు దారిలో కనపడితే తన్నొద్దు, ఏరొద్దు. పందులకు పెట్టే నాటుబాంబులు అవి, మెత్తగా ఒత్తినా పేలతాయి. కుక్కలను, పశువులను ముందే అవతలికి తోలండి. వాజేడు, వెంకటాపురం గుట్టల్లో ప్రెషర్ బాంబుల (కాలు పడితే పేలేవి) వల్ల కట్టెలకు పోయినవాళ్లు కూడా ప్రాణాలు పోగొట్టుకున్నారు. అక్కడ నలిగిన బాట దాటి కొత్త దారి తొక్కొద్దు.

పాము

నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి, ఈ నాలుగింటికీ ఒకే విరుగుడు మందు. కాబట్టి ఏ పామో తేల్చడానికి దాన్ని చంపి తీసుకురానక్కర్లేదు. ఆకు కోసేటప్పుడు చెయ్యి పెట్టే ముందు కర్రతో కొమ్మ కదపండి. కట్టలు కట్టి కల్లంలో ఆరబెట్టిన తునికాకు కింద పింజరి చేరుతుంది, తిప్పేటప్పుడు చేత్తో కాకుండా కర్రతో తిప్పండి. కల్లం కావలి ఉండేవాళ్లు నేల మీద పడుకోవద్దు. కట్లపాము రాత్రి పడుకున్నవాళ్లనే కరుస్తుంది. నొప్పి ఉండదు, వాపు ఉండదు, గాటు కూడా కనపడకపోవచ్చు. తెల్లారి కడుపునొప్పి, కళ్ల రెప్పలు వాలిపోవడం, మింగలేకపోవడం ఉంటే కట్లపామేనని అనుకుని వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లండి. మంచం, దాని చుట్టూ లోపలికి దోపిన దోమతెర, రెండూ ఉంటే ఈ ముప్పు దాదాపు తప్పుతుంది.

కరిస్తే మెట్టెలు, ఉంగరాలు, కడియాలు, పట్టీలు వెంటనే తీయండి, వాపు వచ్చాక రావు. కరిచిన కాలికి రెండు వైపులా కర్ర పెట్టి, విరిగిన ఎముకకు కట్టినట్టు కదలకుండా కట్టండి. తాడు బిగించి కట్టొద్దు. పింజరి కాటుకు బిగించిన తాడు కింద కాలు కుళ్లిపోతుంది. కోయొద్దు, పీల్చొద్దు, పసరు పోయొద్దు. నడిపించొద్దు, మంచం మీద మోయండి లేదా బైకు మీద ఇద్దరి మధ్య కూర్చోబెట్టండి.

ఆస్పత్రికి బయలుదేరే ముందే ఫోను చేసి విరుగుడు మందు ఉందా అని అడగండి. మొదటి మోతాదే పది సీసాలు. ఏటూరునాగారం, ములుగు ఆస్పత్రుల్లో మొదలుపెట్టించుకుని, అవసరమైతే వరంగల్ ఎంజీఎం ఆస్పత్రికి పోవచ్చు. మందు వేయకుండా దూరం పంపుతామంటే ఎందుకని అడగండి. రక్తం గడ్డకడుతోందా అని చూసే పరీక్షకు గాజు గొట్టంలో రక్తం తీసి ఇరవై నిమిషాలు కదపకుండా ఉంచుతారు. అది సులభమైన పరీక్ష, చిన్న ఆస్పత్రిలో కూడా చేయవచ్చు. మంత్రం వేసేవాళ్ల దగ్గర గడిచే గంటే ఎక్కువమందిని చంపుతోంది. విషం ఎక్కని కాటు అక్కడ నయమైనట్టు కనిపిస్తుంది, అంతే.

ఎండ, పిడుగు, తేనెటీగలు, వాగు

మే నెలలో ఆకు కోత పొద్దున పదకొండుకు ఆపేయండి. చెమట ఆగిపోయి, మాట తడబడితే అది వడదెబ్బ. నీడలో తడిగుడ్డలు కప్పి విసరాలి, స్పృహ సరిగా లేనివాళ్ల నోట్లో నీళ్లు పోయొద్దు.

మెరుపుకు, ఉరుముకు మధ్య ముప్పై సెకన్ల లోపు ఉంటే పిడుగు దగ్గరలో ఉన్నట్టే. ఒంటరి విప్పచెట్టు కింద నిలబడొద్దు, చిన్న చెట్లు దట్టంగా ఉన్న పల్లంలో విడివిడిగా, పాదాలు దగ్గరికి చేర్చి గొంతుకూర్చోండి.

పెద్ద తేనెటీగలు లేస్తే తల మీద గుడ్డ కప్పుకుని, చేతులు ఊపకుండా, తిన్నగా పరుగు. అడవిలో పరుగెత్తమని చెప్పే సందర్భం ఇదొక్కటే. రెండు మూడు వందల గజాల దాకా ఆగొద్దు. నీళ్లలో దూకితే పైకి వచ్చేదాకా కాచుకుంటాయి. ముల్లును గోటితో గీకి తీయండి. ఊపిరి ఆడకపోయినా, ఒళ్లంతా దద్దుర్లు లేచినా ఆలస్యం చేయొద్దు.

2023 జూలైలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్కరోజులో 649.8 మిల్లీమీటర్ల వాన పడింది. జంపన్నవాగు పొంగి కొండాయిలో ప్రాణాలు పోయాయి. అవే రోజుల్లో ముత్యంధార జలపాతానికి వెళ్లినవాళ్లు వాగు దాటలేక అడవిలో రాత్రి గడిపారు. ఇక్కడ చినుకు లేకపోయినా పైన గుట్టల్లో కురిస్తే వాగు వస్తుంది. నీళ్లు ఎర్రబడి, ఆకులు, పుల్లలు కొట్టుకొస్తుంటే అప్పుడే అవతలి ఒడ్డు వదులుకోండి. మోకాలి పైకి పారే నీటిలో దిగొద్దు. 2024 ఆగస్టు 31న తాడ్వాయి అడవిలో వేల చెట్లను పెనుగాలి కూల్చింది. అలాంటిచోట సగం వేరుతో వాలి ఉన్న చెట్టు కింద నుంచి కట్టె నరకొద్దు.

రోడ్డు మీద, ఊర్లో

పస్రా నుంచి ఏటూరునాగారం దాకా 163వ జాతీయ రహదారి అడవిలోంచి పోతుంది. ఒక దుప్పి దాటితే వెనక ఇంకోటి ఉంటుంది. మొదటిది దాటిందని గేరు మార్చినవాడు రెండోదాన్ని గుద్దుతాడు. చీకట్లో నలభై దాటకుండా నడపండి, ఎదురుగా కళ్లు మెరిస్తే లైటు తగ్గించి ఆగండి. పెద్ద లైటు వేస్తే అది కదలకుండా నిలబడిపోతుంది.

కుక్కలు తరిమి దుప్పి ఊళ్లోకి వస్తే, బాయిలో పడితే, మొదట కుక్కలను కట్టేయండి, జనాన్ని వెనక్కి పంపండి. కొమ్ముల దుప్పి మెడ తిప్పితే పొట్ట చీలుతుంది. పట్టుకుని కట్టేసి ఫొటోలు దిగితే, గాయం ఏమీ లేకపోయినా భయంతో, కండరాలు దెబ్బతిని చచ్చిపోతుంది. కళ్లకు గుడ్డ కప్పితే కాస్త శాంతిస్తుంది, మిగతా పని అటవీ సిబ్బందికి వదలండి.

కాగితాలు

మనిషి గాయపడినా, పశువు చచ్చినా, పంట పోయినా అటవీ శాఖ నష్టపరిహారం ఇస్తుంది. ఆలస్యమయ్యేది ఎక్కువగా మొదటి రోజు పొరపాటు వల్లే. కళేబరాన్ని కదపకుండా, చుట్టూ జాడలు తొక్కకుండా ఫొటోలు తీయండి, సమయం, స్థలం ఫోనులో కనిపించేలా. అదే రోజు బీట్ ఆఫీసర్‌కు ఫోను, తర్వాత రేంజ్ ఆఫీసులో రాతపూర్వక ఫిర్యాదు, దాని నకలు మీద ముద్ర. పశువుకైతే పశువైద్యుడి సర్టిఫికెట్. మనిషికైతే మొదట చూసిన డాక్టరు కాగితంలోనే "ఎలుగు దాడి" అనో "చిరుత దాడి" అనో రాయించుకోండి. "గాయం" అని మాత్రమే రాస్తే తర్వాత అది ఎలా తగిలిందో నిరూపించడం కష్టమవుతుంది. చిరిగిన బట్టలు ఉతకకుండా పాత పేపరులో చుట్టి ఉంచండి, ప్లాస్టిక్ కవరులో పెడితే బూజు పడుతుంది.